సమయానికి చేరిన కబురు, చేరని కబురు: చరిత్రలో ఇలాంటి నిజం కథలు ఇంకేమున్నాయి?

తెరచాప:

అందరికీ నమస్తే. రెండు రోజులుగా ఒక కథ నా బుర్రలోంచి పోవట్లేదు, అది మీకు చెప్పి ఇలాంటివి ఇంకేమైనా తెలుసా అని అడుగుదామని రాస్తున్నా, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

క్రీస్తుపూర్వం 427. ఏథెన్స్‌కీ స్పార్టాకీ యుద్ధం నడుస్తోంది. లెస్బోస్ దీవిలో మిటిలీని అనే నగరం, అప్పటిదాకా ఏథెన్స్‌తో పొత్తులో ఉన్నదే, తిరగబడి ఓడిపోయి లొంగిపోయింది. ఏథెన్స్ జనం సభ పెట్టి కోపంతో ఊగిపోతూ తీర్మానం చేశారు, ఆ ఊళ్ళో ఎదిగిన మగవాళ్ళందర్నీ చంపెయ్యాలి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలు చెయ్యాలి అని. ఎవరు తిరగబడ్డారు, ఎవరు ఊరుకున్నారు అనే తేడా లేదు, అందర్నీ. ఆ ఆర్డర్ పట్టుకుని ఒక ట్రైరీమ్, అంటే 170 మంది తెడ్లు వేసే యుద్ధ ఓడ, అక్కడున్న సేనాధిపతి పాకీస్ దగ్గరికి బయల్దేరిపోయింది.

తెల్లారేసరికి జనానికి కోపం దిగింది, మనం చేసిందేంటి, ఒక ఊరు ఊరంతా చంపడమేంటి అని మనసు పీకడం మొదలైంది. మళ్ళీ సభ పెట్టారు. క్లియాన్ అనేవాడు చంపాల్సిందే, నిన్న అనుకున్న మాట మీదే నిలబడాలి అన్నాడు. డయోడోటస్ అనే ఆయన లేచి వద్దన్నాడు, నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే ఆయన జాలి గురించి మాట్లాడలేదు, లొంగినా లొంగకపోయినా చావే అని తెలిస్తే రేపు తిరగబడే ప్రతి ఊరూ ఆఖరి మనిషి దాకా పోరాడుతుంది, నష్టం మనకే అన్నాడు. చేతులెత్తి ఓటేస్తే ఇటూ అటూ దాదాపు సమానం, కొద్ది తేడాతో డయోడోటస్ గెలిచాడు.

కానీ మొదటి ఓడ వెళ్ళి అప్పటికి సుమారు ఒక పగలూ ఒక రాత్రీ అయిపోయింది! వెంటనే రెండో ఓడని పంపారు. ఏథెన్స్‌లో ఉన్న మిటిలీని రాయబారులు ఆ ఓడవాళ్ళకి బార్లీ పిండి, ద్రాక్షసారా ఇచ్చి, సమయానికి చేరితే పెద్ద బహుమానం ఇస్తామన్నారు. తెడ్లు వేసేవాళ్ళు తిండికి కూడా ఆగలేదు, బార్లీ పిండిని సారా, నూనెతో ముద్ద కలిపి తెడ్డు వేస్తూనే తిన్నారు, వంతులవారీగా కొందరు నిద్రపోతుంటే మిగతావాళ్ళు లాగారు. అదృష్టంకొద్దీ ఎదురుగాలి లేదు. ఇంకో సంగతి, మొదటి ఓడ నిదానంగా వెళ్ళిందట, అంత ఘోరమైన పని మీద వెళ్తున్నవాళ్ళు తొందరపడలేదు అని ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. అంటే చావు కబురు మోసుకెళ్తున్నవాళ్ళకి చేతులు ఆడలేదన్నమాట.

పాకీస్ ఆర్డర్ చదివేశాడు, అమలు చెయ్యబోతున్నాడు, అప్పుడు రేవులోకి రెండో ఓడ వచ్చింది. వెంట్రుకవాసిలో ఊరు బతికింది.

(పూర్తిగా మంచి కథేం కాదు, తిరుగుబాటుకి మూలం వీళ్ళే అని అంతకుముందే ఏథెన్స్‌కి పంపిన వెయ్యిమందికి పైగా మనుషుల్ని చంపేశారు, ఊరి గోడలు పడగొట్టారు. 11 ఏళ్ళ తర్వాత మెలోస్ దీవిలో ఇదే శిక్ష వేసినప్పుడు రెండో ఓడ రాలేదు.)

నా ప్రశ్న ఇదే. ఒక కబురు, ఒక మెసేజ్, ఒక మనిషి సమయానికి చేరడం వల్ల గానీ చేరకపోవడం వల్ల గానీ వందల వేల ప్రాణాలు అటో ఇటో అయిపోయిన నిజం కథలు మీకు తెలిసినవి చెప్పండి. ఏ కాలమైనా ఏ దేశమైనా సరే, కల్పితం మాత్రం వద్దు.

నల్లసిరా:

మీ పోస్టు చదువుతుంటేనే నాకు విన్స్ కోల్‌మన్ గుర్తొచ్చాడండి. ఈయన గురించి ఎప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది నాకు.

1917 డిసెంబర్ 6, కెనడాలో హాలిఫాక్స్ రేవు. మొదటి ప్రపంచ యుద్ధం సమయం. మాంట్ బ్లాంక్ అనే ఫ్రెంచ్ ఓడ కడుపు నిండా పిక్రిక్ ఆసిడ్, టీఎన్‌టీ, గన్‌కాటన్ లాంటి పేలుడు పదార్థాలు, డెక్ మీద బెంజాల్ అనే ఇంధనం పీపాలు వేసుకుని లోపలికి వస్తోంది. ఇమో అనే నార్వే ఓడ బయటికి వెళ్తోంది. ఇరుకు దారిలో రెండూ గుద్దుకున్నాయి, పావు తక్కువ తొమ్మిది ప్రాంతంలో. గట్టిగా గుద్దుకోలేదు కూడా, కానీ నిప్పురవ్వలకి బెంజాల్ అంటుకుంది. ఓడవాళ్ళకి లోపల ఏముందో తెలుసు కాబట్టి పడవల్లో దూకి అవతలి ఒడ్డుకి పోయారు, అరిచారు కానీ ఫ్రెంచ్‌లో అరిస్తే ఎవరికి అర్థమవుతుంది. కాలుతున్న ఓడ తేలుతూ తేలుతూ వచ్చి పియర్ 6, అంటే ఓడలు ఆగే ఆరో నంబరు కట్ట దగ్గర ఆగింది. జనానికి ఏం తెలుసు పాపం, పిల్లలు స్కూలుకి వెళ్తూ ఆగి చూస్తున్నారు, ఇళ్ళల్లో వాళ్ళు కిటికీ అద్దాలకి మొహం ఆనించి చూస్తున్నారు.

కోల్‌మన్ అక్కడికి కొన్ని వందల మీటర్ల దూరంలో రిచ్‌మండ్ రైల్వే యార్డులో ట్రైన్ డిస్పాచర్, అంటే రైళ్ళ రాకపోకలు చూసే ఉద్యోగి. ఓడలో మందుగుండు ఉందని ఒక నావికుడు వచ్చి చెప్పాడు, ఈయనా తోటి ఉద్యోగీ ఆఫీసు వదిలి బయల్దేరారు. అప్పుడు గుర్తొచ్చింది, సెయింట్ జాన్ నుంచి ప్యాసింజర్ ట్రైన్ రావాల్సిన టైమ్ అది, అందులో సుమారు 300 మంది, సరిగ్గా ఆ పియర్ పక్కనుంచే వస్తుంది. వెనక్కి తిరిగి వెళ్ళి టెలిగ్రాఫ్ కీ ముందు కూర్చున్నాడు. ఆయన పంపిన మెసేజ్ మాటలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి గానీ సారం ఇది, ట్రైన్ ఆపండి, మందుగుండు ఓడ కాలుతూ పియర్ 6 వైపు వస్తోంది, పేలిపోతుంది, ఇదే నా ఆఖరి మెసేజ్ అనుకుంటా, గుడ్‌బై బాయ్స్.

9 దాటి నాలుగు నిమిషాలకి పేలింది. దగ్గరదగ్గర 1,800 మంది చనిపోయారు, 9,000 మందికి గాయాలు, కిటికీల దగ్గర నిలబడి చూసినవాళ్ళలో ఎంతోమందికి అద్దం ముక్కలు గుచ్చుకుని కళ్ళు పోయాయి. అర టన్ను బరువున్న లంగరు ముక్క దాదాపు 4 కిలోమీటర్ల దూరంలో పడింది. మర్నాడు మంచు తుఫాను.

ఆ ట్రైన్ ఆయన మెసేజ్ వల్లే ఆగిందా, అప్పటికే లేటుగా నడుస్తోందా అని వాదన ఉంది, దాన్ని నేను దాచను. నాకైతే ఆ వాదన ముఖ్యం కాదు. ఆ మెసేజ్ లైన్ పొడుగునా స్టేషన్లన్నిటికీ చేరింది, పేలుడు తర్వాత హాలిఫాక్స్ వైర్లన్నీ తెగిపోయినా బయట ప్రపంచానికి విషయం ముందే తెలిసి డాక్టర్లతో సహాయం రైళ్ళు కదిలాయి. వెళ్ళిపోయే అవకాశం ఉండి, నాలుగడుగులు వేసేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు చూడండి, నాకు అదే మొత్తం.

లైబ్రరీమూల:

చేరని కబురంటే న్యూ ఆర్లియన్స్ యుద్ధం. అమెరికా బ్రిటన్ మధ్య 1812లో మొదలైన యుద్ధానికి 1814 డిసెంబర్ 24న ఇప్పటి బెల్జియంలోని ఘెంట్‌లో సంధి సంతకాలు అయిపోయాయి. ఆ కబురు ఓడలో సముద్రం దాటి రావాలి కదా, వారాలు పడుతుంది. ఈలోపు 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ దగ్గర బ్రిటిష్ సైన్యం అమెరికా జనరల్ ఆండ్రూ జాక్సన్ మీదకి నేరుగా నడిచి వచ్చింది, గంట కూడా గడవకుండానే చనిపోయినవాళ్ళు గాయపడ్డవాళ్ళు పట్టుబడ్డవాళ్ళు కలిపి దాదాపు 2,000 మంది పోయారు, వాళ్ళ జనరల్ పాకెన్‌హామ్ కూడా చనిపోయాడు. అమెరికా వైపు ఆ దాడిలో చనిపోయింది పదుల్లోనే. సంధి అయిపోయిన రెండు వారాలకి! ఆ సైనికుల ఇళ్ళల్లో వాళ్ళకి ఆ తేదీలు తెలిశాక ఎలా ఉండి ఉంటుందో.

నిదానం:

@లైబ్రరీమూల మీరు చెప్పిన తేదీలు కరెక్టే, ఒక చిన్న సవరణ. సంతకాలు అయినంత మాత్రాన యుద్ధం ఆగినట్టు కాదు, రెండు ప్రభుత్వాలూ ఆమోదించాకే ఆగాలి అని ఆ సంధిలోనే రాసుకున్నారు, అమెరికా సెనేట్ ఆమోదించింది ఫిబ్రవరి నడుమ. కాబట్టి కాగితం మీద జనవరి 8న యుద్ధం ఇంకా ఉన్నట్టే. కబురు ముందే చేరుంటే ఆ దాడి జరిగేది కాదేమో గానీ, యుద్ధం అయిపోయాక యుద్ధం చేశారు అనే మాట మాత్రం పూర్తిగా నిజం కాదు.

నేను చెప్పేది వేరే రకం. కబురు చేరింది, నమ్మలేదు. జపాన్ లెఫ్టినెంట్ హిరూ ఒనోడా. 1944 డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్‌లో లుబాంగ్ అనే చిన్న దీవికి పంపారు, ఎట్టి పరిస్థితిలో లొంగొద్దు, చావొద్దు అని ఆర్డర్. 1945లో యుద్ధం అయిపోయింది, కరపత్రాలు పడ్డాయి, ఈయనా తోటి ముగ్గురూ చదివారు, శత్రువుల మోసం అనుకున్నారు. తర్వాత విమానాల్లోంచి ఇంటివాళ్ళ ఉత్తరాలు, ఫోటోలు వేశారు, అవీ నమ్మలేదు. ఒకాయన 1950లో వెళ్ళి లొంగిపోయాడు, ఒకాయన 1954లో కాల్పుల్లో చనిపోయాడు, ఆఖరి తోడు 1972లో పోయాడు. చివరికి 1974లో నొరియో సుజుకి అనే కుర్రాడు వెతుక్కుంటూ వెళ్ళి అడవిలో కలిశాడు, నా పై అధికారి వచ్చి చెప్తే తప్ప రాను అన్నాడు ఒనోడా. ఆ అధికారి తానిగుచి అప్పటికి పుస్తకాల వ్యాపారం చేసుకుంటున్నాడు, ఆయన్ని దీవికి తీసుకెళ్ళారు, మార్చి 9న ఆయన ఆర్డర్ చదివి వినిపించాక గానీ ఒనోడా తుపాకీ దించలేదు. 29 ఏళ్ళు.

దీన్ని అందరూ కర్తవ్యం, దీక్ష అని చెప్తారు. నేను అలా చెప్పలేను. ఆ 29 ఏళ్ళల్లో ఆ బృందం చేతిలో దీవి మనుషులు సుమారు 30 మంది చనిపోయారు, పొలాల్లో పని చేసుకునేవాళ్ళు. వాళ్ళకి యుద్ధం ఎప్పుడో అయిపోయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా వాళ్ళ గురించి ఒక్క వాక్యమైనా చెప్పాలి అనిపిస్తుంది నాకు.

అలలహోరు:

టైటానిక్ అందరికీ తెలుసు, కానీ ఆ రాత్రి ఇద్దరు రేడియో కుర్రాళ్ళ కథ చాలామంది పట్టించుకోరు, అది చెప్తా.

కాలిఫోర్నియన్ అనే ఓడ ఆ రాత్రి మంచుగడ్డల మధ్య ఇంజిన్ ఆపుకుని నిలబడి ఉంది, టైటానిక్‌కి మిగతా ఓడలన్నిటికంటే దగ్గర్లో. దాంట్లో రేడియో ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్, 20 ఏళ్ళు, ఒక్కడే, వంతు మార్చుకోవడానికి ఇంకో మనిషి లేడు. రాత్రి 11 ప్రాంతంలో టైటానిక్‌కి మేం మంచులో ఇరుక్కున్నాం అని చెప్పబోతే అక్కడి ఆపరేటర్ ఫిలిప్స్ ప్రయాణికుల టెలిగ్రాములు పంపే హడావుడిలో ఉండి నోరు మూసుకో, పనిలో ఉన్నా అని కసిరాడు. ఎవాన్స్ కాసేపు విని 11:30 దాటాక సెట్ ఆపేసి పడుకున్నాడు. 11:40కి టైటానిక్ గుద్దింది.

ఇక్కడే ఇంకో ఘోరం. అర్ధరాత్రి దాటాక కాలిఫోర్నియన్‌లో గ్రోవ్స్ అనే ఆఫీసర్, రేడియో అంటే సరదా ఉన్నవాడు, డ్యూటీ దిగి ఎవాన్స్ గదికి వచ్చి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ సమయంలో టైటానిక్ సహాయం కోసం అరుస్తోంది. కానీ ఆ రిసీవర్‌లో సిగ్నల్ పట్టే డిటెక్టర్ గడియారంలాగా కీ ఇస్తే తిరుగుతుంది, కీ అయిపోయి ఆగి ఉంది, ఆ సంగతి ఆయనకి తెలీదు. ఏమీ వినపడలేదు. హెడ్‌ఫోన్లు పెట్టేసి వెళ్ళి పడుకున్నాడు. ఆ కీ నాలుగు చుట్లు తిప్పి ఉంటే... నేను ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయా.

ఇంకోపక్క కార్పేతియా అనే ఓడ. దాంట్లోనూ ఒక్కడే ఆపరేటర్, హెరాల్డ్ కాటమ్, 21 ఏళ్ళు. పడుకోబోతూ బట్టలు మార్చుకుంటున్నాడు, కాకపోతే వేరే ఓడ నుంచి జవాబు రావాలని హెడ్‌ఫోన్లు తియ్యలేదు. నీకు కేప్ కాడ్ రేడియో స్టేషన్ నుంచి మెసేజులు వస్తున్నాయి చూసుకో అని టైటానిక్‌ని మామూలుగా పలకరించాడు, వెంటనే రండి, మంచుకొండని గుద్దాం అని జవాబు వచ్చింది. పరిగెత్తి కెప్టెన్ రోస్ట్రన్‌ని నిద్రలేపాడు. 58 మైళ్ళ దూరం. రోస్ట్రన్ ఓడలో హీటర్లు, వేడినీళ్ళు కట్ చేయించి ఆవిరి మొత్తం ఇంజిన్లకే మళ్ళించాడు, చీకట్లో మంచుకొండల మధ్య ఫుల్ స్పీడ్. తెల్లవారుజామున 4కి చేరేసరికి టైటానిక్ మునిగి గంటన్నర దాటింది. పడవల్లో ఉన్న 700 మందికి పైగా బతికారు, సుమారు 1,500 మంది పోయారు.

ఎవాన్స్‌ని నేను ఒక్క మాట అనలేను, పొద్దున్నించీ డ్యూటీ చేసి పడుకున్నాడు అంతే. సహాయం కోసం టైటానిక్ ఆకాశంలోకి వదిలిన రాకెట్లు కళ్ళారా చూసి కూడా అతన్ని లేపని పై ఆఫీసర్ల సంగతి వేరు. 24 గంటలూ రేడియో దగ్గర మనిషి ఉండాలి అనే రూలు దీని తర్వాతే వచ్చింది.

లైబ్రరీమూల:

@నిదానం ఆమోదం సంగతి నాకు తెలీదండి, థాంక్స్.

నోమ్ అనే ఊరి కథ కూడా కలపండి ఇందులో. 1925 జనవరి, అలాస్కాలోని ఆ ఊళ్ళో డిఫ్తీరియా అనే గొంతు జబ్బు, మందు కుక్కల బళ్ళ మీద 674 మైళ్ళు, 20 మంది చేతులు మారుతూ అయిదున్నర రోజుల్లో చేరింది. విగ్రహం ఆఖరి మజిలీ లాగిన బాల్టో అనే కుక్కకి పెట్టారు, కానీ అందరికంటే ఎక్కువ దూరం, అదీ గడ్డకట్టిన సముద్రం మీదుగా లాగింది సెప్పాలా అనే బండివాడి కుక్క టోగో.

నిదానం:

మందు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి రాస్తా, ఇది కబురు కాదు గానీ సమయానికి చేరాల్సిందే.

1803. మశూచికి జెన్నర్ టీకా వచ్చి ఏడేళ్ళయింది. అమెరికా ఖండంలోని స్పెయిన్ వలసల్లో జనం మశూచితో చనిపోతున్నారు, టీకా పంపాలి. ఫ్రిజ్‌లు లేవు, దారం మీద ఆరబెట్టినా గాజుపలకల మధ్య పెట్టినా అంత దూరం వెళ్ళేసరికి పనిచెయ్యదు. బాల్మిస్ అనే డాక్టర్‌కి దొరికిన ఉపాయం, మనుషుల ఒంట్లోనే తీసుకెళ్ళడం. 3 నుంచి 9 ఏళ్ళ మధ్య ఉన్న 22 మంది అనాథ మగపిల్లల్ని ఓడ ఎక్కించాడు. ఇద్దరికి టీకా వేస్తారు, తొమ్మిది పది రోజులకి చేతి మీద పొక్కు పండుతుంది, ఆ రసం తీసి తర్వాతి ఇద్దరికి. ఇద్దరికీ ఎందుకంటే ఒకడిది గోక్కుని పాడుచేసుకున్నా రెండోవాడిది ఉండాలని. పిల్లల్ని కనిపెట్టుకోడానికి ఇసబెల్ సెందాల్ అనే ఆవిడ వెళ్ళింది, అనాథాశ్రమం చూసుకునే ఆవిడ, ఆ పిల్లల్లో ఒకడు ఆవిడ కొడుకే.

నవంబర్ 30న లా కొరునా రేవు నుంచి బయల్దేరారు. మార్చిలో వెనెజులా తీరం చేరేసరికి పనికొచ్చే పొక్కు ఒకే ఒక్క పిల్లాడి చేతి మీద ఉంది. అది ఎండిపోయుంటే మొత్తం ప్రయాణం వృథా. ఆ ఒక్క చెయ్యి నుంచి అక్కడి పిల్లలకి, వాళ్ళ నుంచి ఇంకొందరికి. తర్వాత మెక్సికో నుంచి ఇంకో 26 మంది పిల్లలతో పసిఫిక్ దాటి 1805లో మనీలా. దక్షిణానికి వెళ్ళిన సాల్వానీ అనే డాక్టర్ కొండలెక్కుతూ దిగుతూ జబ్బుపడి 1810లో కోచబాంబాలో (ఇప్పటి బొలీవియా) చనిపోయాడు, ఇల్లు చేరలేదు.

లక్షల ప్రాణాలు నిలిపిన పని, అందులో అనుమానం లేదు. కానీ ఆ 22 మందిని ఎవరైనా అడిగారా? స్పెయిన్ నుంచి వెళ్ళిన పిల్లలు వెనక్కి రాలేదు, మెక్సికోలోనే ఉండిపోయారు. క్యూబాలో పిల్లలు దొరక్కపోతే బానిసలుగా ఉన్న ఆడవాళ్ళని కొని వాళ్ళ చేతుల మీద టీకా దాటించారు. నాకు ఈ కథ గొప్పగానూ ఉంటుంది, కష్టంగానూ ఉంటుంది, రెండూ విడదీయడం చేతకావట్లేదు.

తెరచాప:

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. నిన్న రాత్రి గ్రోవ్స్ హెడ్‌ఫోన్ల దగ్గరే ఆగిపోయా, ఎంతసేపో ముందుకి చదవలేకపోయా.

ఇవన్నీ చదివాక మళ్ళీ మిటిలీనికే వెళ్తోంది మనసు. క్లియాన్ పేరుంది, డయోడోటస్ పేరుంది, పాకీస్ పేరుంది. బార్లీ ముద్ద తింటూ తెడ్డేసిన 170 మందిలో ఒక్కడి పేరు కూడా లేదు. మొదటి ఓడలో నిదానంగా లాగినవాళ్ళవి కూడా లేవు, నిజానికి ఊరు బతకడానికి వాళ్ళూ అంతే కారణం కదా. వాళ్ళు మనసులో ఏమనుకుంటూ లాగారో, ఒకళ్ళతో ఒకళ్ళు ఏమైనా మాట్లాడుకున్నారో.

@నల్లసిరా, కోల్‌మన్ గుర్తుగా ఏమైనా మిగిలిందా?

నల్లసిరా:

మిగిలిందండి. హాలిఫాక్స్‌లో సముద్ర మ్యూజియంలో ఆయన జేబు గడియారం, పెన్ను, టెలిగ్రాఫ్ కీ పెట్టారు. గడియారం పేలుడుకి నలిగిపోయి ఉంటుంది.